అనుమానాల అత్త ఆడించిన ఆటలు

మా మేనత్త పోయిందని నందికొట్కూరు నుంచి వచ్చిన మనిషి చెప్పాడు. కర్నూలులో నేను పాఠం చెప్పే బడి వరండాలో నిలబడి ఉన్నాను. ఆయన బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. వినగానే నాకు ఏడుపు రాలేదు.

"నువ్వు చూసినావా, ఎవురన్నా చెప్పినారా?" అని అడిగాను.

"చూసినానమ్మా. తెల్లారి పోయింది. పాడెకు కట్టెలు తెచ్చిచ్చి బస్సెక్కినా" అన్నాడాయన.

అప్పుడు నమ్మాను. కళ్ళతో చూడనివాళ్ళు తెచ్చిన కబురు నమ్మొద్దని నాకు చిన్నప్పటి నుంచీ నూరిపోసింది ఆమే. ఆమె చావు కబురును కూడా ఆమె చెప్పినట్టే విన్నానని ఆయనతో పాటు నందికొట్కూరు బస్సులో కూచున్నాక తట్టింది. ఏడుపు అప్పుడు వచ్చింది.

ఈ మాటలు చదివేవాళ్ళలో ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరూ ఉండరు. ఆమె మా నాయనకు అక్క. పిల్లలు లేరు. మామ తాలూకా కచేరీలో బంట్రోతు. సంతకు పోయే దోవలో వాళ్ళకు రెండు గదుల మట్టి మిద్దె ఉండేది. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పేరంటం జరిగినా, బిడ్డకు పేరు పెట్టినా, వచ్చినవాళ్ళ చేత ఆటలు ఆడించే పని ఆమెది. "ఆటలు కట్టడం" అనేది ఆమె ఆ పనిని.

అనుమానం ఆమె స్వభావం. కొత్త కుండ కొంటే చుట్టూ వేలితో కొట్టి చూసేది. చీర కొంటే మడతలన్నీ విప్పి తిరగేసేది. గుడిలో పెట్టిన ప్రసాదాన్ని కూడా వాసన చూసి నోట్లో వేసుకునేది. "మీ అత్త నన్ను కూడా తిరగేసి చూసినాకే పెండ్లికి ఒప్పుకునింది" అని మామ అంటుండేవాడు. ఆమె కాదనేది కాదు.

పేరంటం నాలుగు రోజులుందనగా ఆ ఇంటికి పోయి, "మీ ఇంట్లో ఏముండాయో చూపియ్యండి, కొనేదేమీ వద్దు" అనేది. ఉన్నవాటిలో ఒకదాన్ని పట్టుకుని దాని చుట్టూనే ఆటలన్నీ అల్లేది. నేతపనివాళ్ళ ఇంట్లో అయితే అంతా నూలే. చిక్కుపడ్డ నూలును ఇద్దరిద్దరు ఎడమచేత్తో విప్పాలి. కళ్ళకు గంతలు కట్టుకుని పత్తికాయ ఏదో, దూదిపింజ ఏదో బుగ్గకు తాకించి చెప్పాలి. కుమ్మరి ఇంట్లో అయితే అన్నీ మట్టి ఆటలు. చింతగింజలు, జొన్నబెండ్లు, వేరుశనగ పొట్టు, ఆమె ఆటలకు ఇవే సరంజామా. గెలిచినవాళ్ళకు బెల్లం ముక్క. ఓడినవాళ్ళకు ఇంకా చిన్న బెల్లం ముక్క.

ఆడేవాళ్ళను మాత్రం నమ్మేది కాదు. చేతులు చాపమనేది, కొంగులు దులిపించేది. పేరంటానికి వచ్చిన పెద్ద ముత్తైదువును కూడా లేపి, కింద గింజ దాచుకుందేమోనని చాప ఎత్తి చూసేది. ఆమె ఆడించడమే గాని ఆడగా నేను ఎప్పుడూ చూడలేదు. గోడకు ఆనుకుని నిలబడి అందరి ముఖాలూ చూస్తుండేది.

"ఏం చూస్తాండావత్తా?" అని ఒకసారి అడిగాను.

"నవ్వేటప్పుడు మనిషి ఏమీ దాపెట్టుకోలేదు పాపా. అప్పుడే చూడల్ల."

ఊరు కూడా ఆమెను నమ్మేది కాదు. పైసా తీసుకోకుండా ఇదంతా ఎందుకు చేస్తుందని గుసగుసలు. పిల్లల్లేని మనిషికి పరాయి పిల్లలతో ఏం పని అని ఇంకొందరు. ఒక బారసాలలో ఒకావిడ ఆట మధ్యలో వచ్చి తన బిడ్డను రెక్క పట్టుకుని లాక్కుపోయింది, దిష్టి తగులుతుందని అందరికీ వినబడేట్టు చెప్పి మరీ. అత్త ముఖం నల్లబడింది. మళ్ళీ పేరంటానికి ఆమె కట్టిన ఆటలన్నీ తల్లీబిడ్డా చెయ్యి చెయ్యి పట్టుకుని ఆడేవి. ఆ ఆవిడ గడప దగ్గరే నిలబడిపోతే అత్త ఎదురెళ్ళి, "నన్ను నమ్మొద్దులేమ్మా. నీ బిడ్డ చెయ్యి ఇడవొద్దు. ఆట మాత్రం ఆడు" అంది. ఆవిడ వచ్చింది, ఆడింది.

వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు వాళ్ళ ఎదురింట్లో పేరు పెట్టే వేడుక ఉండింది. బావిలో నీళ్ళు లేవు, వచ్చినవాళ్ళకు ఇంత మజ్జిగ పోయడానికి కూడా లేదు, మానుకుందామనుకున్నారు వాళ్ళు. అత్త పట్టుబట్టి "వాన పేరంటం" కట్టింది. ఆడవాళ్ళను వరసలుగా కూచోబెట్టింది. ఒక వరస అరచేతులు రుద్దాలి. ఒక వరస చేటలో సన్న గులకరాళ్ళు దొర్లించాలి. పిల్లలు తొడల మీద తట్టాలి. ముందు మెల్లగా, ఆమె చెయ్యి లేపే కొద్దీ జోరుగా. ఎవరూ మాట్లాడకూడదు. చీకటి గదిలో నిజంగా వాన పడుతున్నట్టే వినిపించింది. ఆ ఇంటి అవ్వ లేచి, తడుముకుంటూ బయటికి పోయి, ఆకాశం చూసి వచ్చి మళ్ళీ కూచుంది.

"అబద్ధమని నాకు తెలుసులే. అయినా చూసొచ్చినా" అంది అవ్వ.

ఇప్పుడు మా అక్క పెళ్ళి సంగతి చెప్పాలి. అత్తను తలుచుకుంటే మా ఇంట్లో అందరికీ ముందు గుర్తొచ్చేది అదే.

కడప నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి నాపరాళ్ళ వర్తకుని దగ్గర పని చేస్తున్నాడు, మంచి పేరుంది. వచ్చి చూసి వెళ్ళారు, అందరికీ నచ్చారు. అత్త ఒక్కతే పెదవి విరిచింది.

"వాళ్ళమ్మ ఆ పిల్లోని పక్కను ఒక్క నిమిషం ఇడవలే. అదీ ఎప్పుడూ ఎడమ పక్కనే. మనం వాన్ని అడిగితే ఆమె జవాబు చెప్తాది. ఏందో ఉండాది" అంది.

"తల్లన్నాక అట్లనే ఉంటాది. నీకు అన్నిట్లో అనుమానమే" అని నాయన విసుక్కున్నాడు.

అత్త, మా తమ్మునికి పుట్టు వెంట్రుకలు తీయించడానికి మంత్రాలయం పోతున్నామని తెలిసి, "కడపోళ్ళను గూడా రమ్మను. దర్శనమూ అయితాది, రెండిండ్లోళ్ళూ కలిసి ఒక పూట నవ్వుకున్నట్టూ ఉంటాది" అంది. నాయన సంతోషపడ్డాడు. అమ్మ మాత్రం నా వైపు చూసి, "ఈమె ఊరికే ఎవురినీ పిలవదు" అని గొణిగింది.

ఎండాకాలం. తుంగభద్ర ఒక పక్కకు ఒదిగి సన్నగా పారుతోంది, మిగతాదంతా ఇసుక. తలనీలాలూ దర్శనమూ అయ్యాక వంటలు అయ్యేలోపల, సత్రం నీడలో అత్త ఆట కట్టింది. సంత ఆట. ఏటి ఒడ్డున ఏరుకొచ్చిన రాళ్ళే సరుకులు. తెల్లవి వెల్లుల్లి, ఎర్రవి ఉల్లిగడ్డలు, పలచనివి రొట్టెలు. ఒక కొసన ఇల్లు, ఇంకో కొసన సంత, మధ్యలో మనుషుల వరస. ఇంటావిడ ఏం కావాలో మొదటి మనిషి చెవిలో చెప్తుంది. అది చెవి నుంచి చెవికి సంత దాకా పోవాలి. అక్కడివాళ్ళు విన్న సరుకు పంపాలి.

అబ్బాయి తల్లిని అత్త సంతలో సరుకుల దగ్గర కూచోబెట్టింది. అబ్బాయిని వరస మధ్యలో నిలబెట్టింది. ఆయనకు ఎడమ పక్కన మా పిన్ని కూతురు, చిన్న పిల్ల.

ఆ పిల్ల ఆయన చెవిలో ఉల్లిగడ్డలు అని చెప్పింది. సంతకు చేరేసరికి పిల్లి గడ్డాలు అయింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. రెండోసారి కూడా మాట అక్కడే చెడింది. ఎవరో ఆ పిల్లను "సరిగ్గా చెప్పడం రాదా నీకు" అని కసిరారు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అబ్బాయి వంగి దాని తల నిమిరి, "పాప సరిగ్గానే చెప్పింది. నాకే ఇనపడలే" అన్నాడు అందరితో.

అత్త అప్పుడు ఇల్లును ఆ కొసకు, సంతను ఈ కొసకు మార్పించింది. ఈసారి మాట కుడి పక్కనుంచి ఆయనకు చేరింది. చెక్కుచెదరకుండా సంతకు పోయింది. అబ్బాయి తల్లి లేచి నిలబడింది.

"ఎండ శానా ఉండాది. ఆటలు చాలు" అంది.

"నీడలోనే ఉండాము కదమ్మా" అంది అత్త.

ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వులు ఆగిపోయాయి.

అన్నాలు తిన్నాక అత్త అడగనే అడిగింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ చెవి పూర్తిగా పోయిందని ఆ తల్లి ఒప్పుకుంది. ఒప్పుకుని, "ఆటకని పిలిచి నా కొడుకును అంగట్లో ఎద్దును చూసినట్టు చూస్తారా?" అని ఏడ్చింది. అబ్బాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి మా నాయనతో, "మా అమ్మను ఏమీ అనొద్దండి. ముందే చెప్పేద్దామని నేనంటే, భయపడి ఆపింది" అన్నాడు. వాళ్ళు ఆ సాయంత్రమే బండి కట్టించుకుని స్టేషనుకు వెళ్ళిపోయారు. ఆ సంబంధం అయిపోయినట్టేనని నాయన తేల్చేశాడు. దాచినవాళ్ళు ఇంకేం దాచారో అన్నాడు. అనుమానం అంటువ్యాధిలాగా ఇప్పుడు ఆయనకూ పట్టుకుంది.

ఊరికి వచ్చిన మరునాడు మా అక్క మేనత్త ఇంటికి పోయింది. వెనకాలే నేనూ పోయాను. అక్క నెమ్మదస్తురాలు, పెద్దవాళ్ళ ఎదుట నోరెత్తేది కాదు.

"నవ్వేటప్పుడు మనిషిని చూడల్లంటావు గదా అత్తా. అందరూ నవ్వుతాంటే ఆయన ఏం చేసినాడో చూసినావా?" అంది.

అత్త చేస్తున్న పని ఆపింది.

"తప్పు పాప మీద తోసేసి ఊరుకోవచ్చు. ఊరుకోలే. నువ్వు చెవి ఒక్కటే చూసినావు" అంది అక్క.

"వానిది మంచితనమో, మనముందు నటనో ఎట్ల తెలుస్తాది?" అంది అత్త. అక్క వెనుదిరిగి ఇంటికొచ్చేసింది.

తర్వాత జరిగింది మామ చెప్పగా విన్నాను. అత్త మామను వెంటబెట్టుకుని రైళ్ళు మారి కడపకు పోయింది. వాళ్ళకు కబురు పెట్టలేదు. ఇంటికీ పోలేదు. నాపరాళ్ళ కొట్టుకు ఎదురుగా ఒక అరుగు మీద, ముసుగు లాక్కుని కూచుంది. మామకు సిగ్గుతో చచ్చినంత పనైందట. మధ్యాహ్నానికి ఒక బండి వచ్చింది. బండివాడు ఎడమ పక్కనుంచి ఏదో కేకేశాడు. అబ్బాయి మనిషి మొత్తం వాని వైపు తిరిగి, "ఈ చెవి ఇనపడదప్పా, ఇంగోసారి చెప్పు" అన్నాడు. బండివాడు మళ్ళీ చెప్పాడు. ఇద్దరూ కలిసి బండలు దించుకున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ వింతగా చూడలేదు. ఆయన ఊరందరికీ చెప్పుకునేదే. దాచింది తల్లి ఒక్కతే.

అత్త లేచి చీర దులుపుకుని వాళ్ళింటికి పోయింది. తలుపు తీసిన ఆ తల్లితో గడపలోనే చెప్పింది.

"నేను పరీక్ష పెట్టింది తప్పే. నువ్వు దాపెట్టింది తప్పే. నీ కొడుకును నేను నమ్మినా. నిన్ను మాత్రం ఇంగా నమ్మలే."

"నేను గూడా నిన్ను నమ్మలేదు తల్లీ. లోపలికి రా, మజ్జిగ తాగుదువు" అందట ఆమె. అత్త మజ్జిగ వాసన చూసి తాగిందట.

నాయనను ఒప్పించింది కూడా అత్తే. పెళ్ళిలో ఆటలన్నీ ఆ ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి కట్టారు, ఎవరు తమ పక్షం కోసం మోసం చేస్తారోనని ఒకరినొకరు కనిపెట్టుకుంటూ. ఆ తర్వాత కూడా ఏటా ఒకసారైనా కలుసుకునేవాళ్ళు. మా బావకు ఇంటెడు పిల్లలు ఇప్పుడు. మా అక్క నోరెత్తి ఒక మాట అడిగింది కాబట్టి ఆ ఇల్లు నిలబడిందని నేను అనుకుంటాను. ఆ మాట విని, కాదనుకుంటూనే అంత దూరం పోయి చూసి వచ్చింది కాబట్టి అత్తంటే నాకు గౌరవం. అనుమానపడేవాళ్ళను చాలామందిని చూశాను. తమ అనుమానం మీద తామే అనుమానపడి బయల్దేరినవాళ్ళను ఆమె తర్వాత ఎరగను.

యుద్ధం రోజుల్లో చక్కెర లేదు, కిరసనాయిలు లేదు. వేడుకలు పగలే ముగించేవాళ్ళు. ఖర్చు లేని ఆటలు కాబట్టి అత్త కోసం దూరం ఊళ్ళ నుంచి కూడా బండ్లు వచ్చేవి. బండి ఎక్కేముందు ఆమె ఇరుసు వంగి చూసేది.

కర్మల నాడు కడప నుంచి బావ తల్లి వచ్చింది. ఆమె కూడా ముసలిదైపోయింది. గోడకు ఆనుకుని కూచుని, "ఆఖరుదాకా నన్ను పూర్తిగా నమ్మలే ఆయమ్మ" అంది. కాసేపాగి, "నేను ఇంగెవురితో కొట్లాడల్ల?" అంది.

నేను అత్తను చివరిసారి చూసింది చలికాలంలో. అప్పటికే నడవలేకపోయేది. మిద్దె ముందర పరిచిన నల్లబండ మీద ఎండకు కూచుని ఉంది. ఒళ్ళో పగిలిన గాజుల ముక్కలు, ఆకుపచ్చవి, ఎర్రవి, పసుపువి. వీధి పిల్లల ఆటకట. ఒక్కొక్క ముక్కను తీసుకుని దాని కొసలు బండకేసి రుద్దుతోంది. రుద్ది, తన ముంజేతి లోపలి పక్క, చర్మం పలచగా ఉన్నచోట గీసుకుని చూసుకుంటోంది. గీరుకుంటే మళ్ళీ రుద్దుతోంది. అక్కడ సన్నటి ఎర్ర గీతలు కొన్ని పడి ఉన్నాయి.

"అరిగినాయిలే అత్తా, చాలు" అన్నాను.

"చూస్తే అరిగినట్టే ఉంటాయి" అంది, ముక్క మీది నుంచి చూపు తిప్పకుండా.

బండ మీద ఆమె చేతి కింద రంగురంగుల గాజుపొడి సన్నగా రాలుతోంది, ఎండలో మెరుస్తోంది.