ఉన్న ఇల్లు చూపించమన్న అన్న

తిరుత్తణి తాలూకా ఆఫీసు ఎదుట అర్జీలు రాసే అన్న పోయిన శుక్రవారం చనిపోయాడు. నాకు సోమవారం దాకా తెలియదు. ఆ రోజు మొదటి బస్సుకే వెళ్లాను. తమిళంలో వచ్చిన ఉత్తరం ఒకటి ఆయన చేత చదివించుకోవాలి. చూస్తే ఆయన బల్లను గోడకు ఆనించి గొలుసు వేసి ఉంది. పక్కన జెరాక్సు అంగడి ఆమె బయటికి వచ్చి నా భుజం పట్టుకుని చెప్పింది. ఎదలో నొప్పి అన్నాడట. ఇంట్లోవాళ్లు ఆటో పిలిచేలోపలే అయిపోయిందట.

అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది. "మరి నా కాగితం ఎవురు చదవతారు?" అన్నాను. మనిషి పోయాడంటే నేనన్న మాట అది. అప్పటినుంచి కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంది నాకు. అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. మా కోడలు నగరి పిల్ల, తెలుగు బడిలో చదివింది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, నా తప్పులతో సహా.

మా అమ్మకు తొంభై దగ్గరపడ్డాయి. ఆమెకు మిగిలింది నేనొక్కదాన్నే. మా పక్క వీధిలో మా నాయన కట్టిన పెంకుటింట్లో ఉంటుంది. మా ఇంటికి వచ్చేయమంటే రాదు. కూతురింట్లో చెయ్యి కడగకూడదని ఆమె పట్టు. పొద్దున గంజి, రాత్రి కూడు నేనే మోసుకుపోతాను. అది తింటుంది. ఆ గిన్నె మా ఇంట్లో పెడితే తినదు. రెండేళ్ల కిందట ఐప్పసి నెల వానలకు వంటింటి వైపు దూలం కూలింది. చెదలు తిని లోపల బోలు అయిపోయిందని అప్పటిదాకా మాకు తెలియదు. నా కొడుకు పట్టాభిరామ్‌లో ఒక చిన్న కార్ఖానాలో పని చేస్తాడు. వాడి జీతం ఇల్లు నడపడానికి సరిపోతుంది, ఇల్లు కప్పడానికి చాలదు. పాత ఇళ్ల మరమ్మతుకు సర్కారు సాయం ఇస్తుందని, ముసలివాళ్లకు పింఛను కూడా ఉందని ఎవరో చెప్పారు. అమ్మ ఒక్కరోజు కూడా సర్కారును ఏమీ అడిగి ఎరగదు.

నేను వెళ్లి ఆఫీసులో గట్టిగా మాట్లాడాను. మను రాయించుకుని రమ్మన్నారు. మను అంటే మా వైపు అర్జీ. రోడ్డు దాటి అన్న ముందు నిలబడి, లోపల చెప్పిందంతా మళ్లీ అంతే గొంతుతో చెప్పాను. ఆయన పెన్ను మూత కూడా తీయలేదు.

"అరిచేది అయిపోయిందా అమ్మా?"

"అరవలేదు, చెప్పినాను."

"కాగితానికి చెవులుండవు, కండ్లే ఉంటాయి. నువ్వెంత అరిచినా దానికి కనబడేది మూడు వరసలు. ఇప్పుడు ఇంగోసారి చెప్పు."

ఆయన పద్ధతి అది. ఎవరు వచ్చినా మొదటిసారి చెప్పింది వినేవాడు, రెండోసారి చెప్పింది రాసేవాడు. మొదటిసారి మనిషి కోపం చెబుతాడని, రెండోసారి సంగతి చెబుతాడని అనేవాడు. రాసేది తమిళంలో, మాకు చదివి వినిపించేది తెలుగులో. వేలిముద్ర వేశాక వేలు తుడుచుకోవడానికి చిన్న సీసాలో కొబ్బరినూనె, పాత పంచె ముక్క ఉండేవి. వేలికి సిరాతో ఎవరినీ బస్సు ఎక్కనిచ్చేవాడు కాదు. చదువు రానిదానివని రోడ్డంతా చాటాలా అని గొణిగేవాడు. ఎండాకాలం ఆయన బల్ల కింద ఒక ముంత నీళ్లు ఉండేవి. అవి మనుషులకు కాదు, ఆఫీసు కుక్కకు. మనుషులు అడిగి తాగుతారు, అది అడగలేదు అనేవాడు.

ఆ రోజే మా ఇద్దరికీ మొదటి తగాదా. మా అమ్మకు ఎవరూ లేరని రాయమన్నాను.

"నువ్వుండావు గదా. ఎట్లా రాస్తా?"

"అట్లా రాస్తే పింఛను బిన్నే వస్తుందంట, ఆలస్యం లేకుండా."

"వస్తుంది. పొద్దున్నే మీ యమ్మకు గంజి ఎవురు పోస్తారో అది కూడా పక్కనే రాసేదా?"

కూతురు ఉంది, ఆమె కూడా ముసలిది, భర్త లేడు, ఆమెకు సంపాదన లేదు అని రాశాడు. అన్నీ నిజాలే. రాసింది తెలుగులో చదివి వినిపిస్తే, నా బతుకు అంత చిన్నగా ఎవరూ చెప్పలేదు అనిపించింది. లేచేటప్పుడు ఒక మాట చెప్పాడు. "ఆఫీసరు ఇల్లు చూసేదానికి వస్తాడు. ఉన్నది ఉన్నట్టు చూపించు. ఏం తోమొద్దు, ఏం తుడవొద్దు." నేను సరే అన్నాను. ఆ సరే నా నాలుక మీదే ఉండిపోయింది, లోపలికి దిగలేదు.

ఆఫీసరు వస్తాడని కబురు వచ్చిన రోజు నేను చేసిన పని ఇది. మా కులంలో, మా వీధిలో, పెద్దమనిషి గడప తొక్కుతున్నాడంటే ఇల్లు కళకళలాడాలి. తిన్నామా లేదా అన్నది వేరే సంగతి. పొద్దున్నే పక్కింటి నుంచి రెండు కుర్చీలు, ఎదురింటి నుంచి ఫ్యాను, మా ఇంటి ఇత్తడి బిందెలు వచ్చేశాయి. పైకప్పు చిల్లు ఆకాశం చూపిస్తోంది. అది ఎట్లా కనబడనిస్తాం? భజన మందిరంలో ఉత్సవాలకు కట్టే మేలుకట్టు గుడ్డ, అంచుకు జరీ ఉన్నది, తెచ్చి నాలుగు మూలలా లాగి దాని కింద కట్టించాను. అమ్మకు నా కూతురి పట్టుచీర కట్టి, మెడలో గిల్టు గొలుసు వేశాను. ఆఫీసరు వచ్చాడు, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పాయసం తాగాడు. పెద్దావిడ బాగుంది, ఇల్లు బాగుంది అన్నాడు. చూసింది రాసుకుని పోయాడు. మనసులో మురిసిపోయాను, మర్యాద దక్కిందని.

నెల తిరిగేసరికి ఇంటికి, పింఛనుకు పెట్టిన రెండు అర్జీలూ తిరిగి వచ్చాయి. ఇల్లు మంచి స్థితిలో ఉంది, సాయం అవసరం లేదు. మొన్న మొన్నటిదాకా ఆ ఆఫీసరును తిట్టుకున్నాను. ఆయన తప్పేముంది? కళ్లతో చూసింది రాశాడు.

కాగితం తీసుకుని అన్న దగ్గరికి పోట్లాటకే వెళ్లాను. ఆయన అంతా విని అడిగాడు.

"ఎవురి ఇల్లు చూపించినావు?"

"మా యమ్మ ఇల్లే."

"కాదు. ఎదురింటి ఫ్యాను, పక్కింటి కుర్చీ, దేవుడి మేలుకట్టు. వీధి మొత్తం చూపించినావు, మీ యమ్మ ఇల్లు తప్ప." కాగితం మడిచి నా చేతికిచ్చి నెమ్మదిగా అన్నాడు. "మర్యాద అరువు తెచ్చుకునేది కాదమ్మా. తిరిగి ఇచ్చేటప్పుడు మన చేతిలో ఏం మిగులుతుంది?"

ఇంకో అర్జీ రాయమన్నాను. రాస్తాను, కానీ జరిగింది రాస్తాను అన్నాడు. మేమే సిగ్గుపడి అరువు సామాను పెట్టి, చిల్లు కనబడకుండా గుడ్డ కట్టామని. అట్లా రాస్తే ఊళ్లో తల ఎట్లా ఎత్తుకునేది? వేరే ఏదైనా కారణం రాయమన్నాను. వేరేది నా పెన్నుకు రాదు అన్నాడు. నేను లేచి వచ్చేశాను. తిరుత్తణిలో అర్జీలు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఒకరిద్దరి దగ్గర నిలబడ్డాను కూడా. ఎవరి ముందూ రెండోసారి చెప్పబుద్ధి కాలేదు. మూడు వారాలు ఆ రోడ్డు వైపే పోలేదు. ఆ మూడు వారాల్లో రెండు వానలు వచ్చాయి. రెండో వాన తర్వాత అమ్మ పడుకునే చోటు ఇంకో మూలకు జరిగింది. చాప జరిపింది, అంతే. ఆ చాప చూసి మర్నాడే వెళ్లాను. ఆయన ఏమీ అడగకుండా పెన్ను మూత తీశాడు.

"తప్పు మాది. దయచేసి ఇంకొక్కసారి చూడండి." అర్జీ చివర ఉన్నది ఆ రెండు మాటలే. వాటి మీద వేలు ఆనించి వెంటనే వెనక్కి లాక్కున్నాను. ముద్ర అలుక్కుపోతే ఇంకో కాగితం మీద మళ్లీ అంతా రాశాడు. మొదటి కాగితం నా ఎదుటే చింపేశాడు.

దాన్ని తిరువళ్లూరు కలెక్టరు ఆఫీసులో, అర్జీలు తీసుకునే సోమవారం నాడు ఇవ్వాలి. ఆ బల్ల వదిలి ఎక్కడికీ కదలని మనిషి ఆ రోజు తనే రైలెక్కాడు, నేను దారిలో మనసు మార్చుకుంటానని భయమట. కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా స్టేషన్ పేర్లు, గోడ మీది రాతలు, పళ్ల డాక్టరు బోర్డులు అన్నీ పైకి చదివాడు. ఈ స్టేషన్లు నాకు తెలుసులే అన్నా అన్నాను. "నీకోసం కాదు. ఎదురుగా అక్షరాలుంటే నా నోరు ఊరుకోదు," అన్నాడు. అరక్కోణం దాటాక ఒక మాట అడిగాను, నిజం రాస్తే పని అవుతుందా అని. అవుతుందని ఆయన చెప్పలేదు. అబద్ధం రాస్తే దాన్ని బతికినన్నాళ్లూ మేపాలి, నిజానికి మేత అక్కర్లేదు, అన్నాడు అంతే.

వరసలో రెండు గంటలు నిలబడ్డాం. లోపల కూర్చున్న ఆఫీసరు చదివి తల ఎత్తి నన్ను చూశాడు. ఆమె నిజంగానే మేలుకట్టు కట్టిందా అని తమిళంలో అడిగాడు. అన్న నా వైపు చూశాడు. కట్టినాను సార్, నేనే కట్టినాను, అన్నాను. నా జన్మలో ఆఫీసులో నేను గొంతు తగ్గించి మాట్లాడింది అదొక్కసారే. ఆయన కాగితం మీద ఏదో రాసి పక్కన పెట్టాడు. మళ్లీ చూడమని రాసినాడు, అని బయటికి వచ్చాక అన్న చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగింది. తనే గెలిచినట్టు.

నేను మొన్న సోమవారం తీసుకెళ్లిన ఉత్తరం ఆ అర్జీ తాలూకుదే. జెరాక్సు ఆమె చదివి పెట్టింది. గురువారం ఆఫీసరు వస్తాడని అందులో ఉంది. ఆమె చదువుతుంటే నేను ఆ గొలుసు వేసిన బల్లనే చూస్తున్నాను. తర్వాత ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పెట్టె ముందు కూర్చుని కాగితాలు వెతుకుతోంది. చావు సర్టిఫికేటుకు ఏమేమి కావాలో ఆమెకు తెలియదు. ఊరందరికీ రాసిన మనిషి ఇంట్లో ఆ ఒక్క అర్జీ రాసేవాళ్లు లేరు. "వదినా, ఆయన ఉంటే చెప్పేవాడు," అని ఆమె అంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. జెరాక్సు ఆమెను పిలుచుకొచ్చి ఆ కాగితం రాయించాకే బస్సెక్కాను.

గురువారం పొద్దున పక్కింటివాళ్లు మళ్లీ కుర్చీలు తెచ్చారు. వెనక్కి పంపేశాను. ఎదురింటామె ఫ్యాను చేత్తో పట్టుకుని గడప దగ్గర నిలబడి, ఆఫీసరుకు చెమట పట్టదా అంది. పట్టనీ అన్నాను. అమ్మ గొలుసైనా వేయమంది. వేయలేదు. ఆమె నా వైపు చూసిన చూపు, నేను ఐదేళ్లదాన్నయినట్టు ఉంది. గోడవారగా గిన్నెలు, బొక్కెనలు ఎక్కడ కారితే అక్కడ అట్లానే ఉన్నాయి. అన్న ఉంటే బల్ల దగ్గర కూర్చునే ఉండేవాడు, ఇక్కడికి వచ్చేవాడు కాదు. అయినా ఆ బల్ల దగ్గర ఉన్నాడంటే చాలు అనిపించింది.

ఆఫీసరు వచ్చాడు. ఈసారి వేరే ఆయన, చిన్నవాడు. వచ్చిన కాసేపటికే వాన మొదలైంది. కుర్చీ లేదు. ఎక్కడ నిలబడాలో తెలియక ఆయన కాగితాలు చొక్కా లోపలికి దోపుకున్నాడు. నేను మాట్లాడబోయాను. అమ్మ నన్ను మోచేత్తో పక్కకు తోసి, ఆయన మణికట్టు పట్టుకుంది. ఒక్కో గిన్నె దగ్గరికీ నడిపించింది. ఇది నిరుటిది, ఇది మొన్నటిది అని తెలుగులోనే చెప్పింది. ఆయన తమిళాయన. అడ్డం చెప్పలేదు. ఆఖరికి చాప ఉన్న మూలకు తీసుకెళ్లి ఆయన్ను అక్కడ నిలబెట్టింది. ఇల్లంతటికీ కారని చోటు అదొక్కటే. ఆయన కాగితాలు బయటికి తీశాడు. అమ్మ తలమీద చుక్కలు పడుతుంటే చూసి, పాట్టీ అంటూ, అవ్వను పిలిచినట్టు, మీరూ ఇటు రండని చెయ్యి చాపాడు.

"ఈడ ఒక్కరికే చోటు నాయనా. నువ్వు రాసుకో."

ఆయన రాస్తున్నంతసేపు అమ్మ పైట నెత్తిమీదికి లాక్కుని, వానలో ఆయన ఎదురుగా నిలబడే ఉంది.