కుక్క పంజా మడిచే కాంపౌండరు

అరవైల మొదట్లో కంబదూరు పశువుల ఆసుపత్రిలో ఒక కాంపౌండరు ఉండేవాడు. ఎక్కడ కుక్క కనిపించినా పక్కన కూర్చుని, దాని ముందుకాలి పంజా వెనక్కి మడిచి, పైభాగం నేలకు ఆనించేవాడు. అది వెంటనే సరిచేసుకుంటే, "తిప్పుకునింది" అని ఊపిరి వదిలేవాడు.

ఇదేం అలవాటని ఒకసారి అడిగాను.

"మద్రాసులో పరిశోధన చేసే డాక్టర్ల కాడ పనిచేసినా అప్పా. మనుషుల పక్షవాతం సంగతి తెలుసుకోవల్లని కుక్కల మెదడుకు పోయే రక్తనాళం కట్టేసేవాళ్లు. కుడిపక్క కడితే ఎడమ కాళ్లు పడిపోయేవి. పంజా మడిస్తే మడిచినట్లే ఉండేది. వాటిని కదలకుండా పట్టుకునింది నేనే. అవి నా చెయ్యే నాకేవి."

ఆ ఏడూ వాన రాలేదు. ఒక మధ్యాహ్నం ఆయన ఆసుపత్రి మెట్టు మీద కూర్చుని, కుడిచేత్తో ఒక వీధికుక్క పంజా మడిచాడు. అది చప్పున సరిచేసుకుంది.

"తిప్పుకునింది, సూడప్పా!" అని నవ్వాడు. మాట ముద్దగా వచ్చింది. నవ్వు మూతికి ఒక పక్కనే కనిపించింది.

కిందికి చూశాను. చెప్పు జారిపోయిన ఆయన ఎడమ పాదం వెనక్కి మడతపడి, ఎండకు కాలిన బండకు ఆనుకుని ఉంది. ఆయనకు తెలియలేదు.

కుక్క ఆయన చెయ్యి నాకుతూ ఉంది. ఆ పాదమూ తిప్పుకుంటుందేమోనని నేను చూస్తూ నిలబడిపోయాను.