అక్కింట్లో మెగ్గర్ తిప్పినప్పుడు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండేది. మా ఊళ్ళో లైటు ఆరి వెలిగితే దయ్యమంటారు, ఫ్యాను దానంతటదే తిరిగితే దయ్యమంటారు. వెళ్ళి చూస్తే స్విచ్చులో చీమలు పట్టి ఉంటాయి, లేదంటే ఎలుక తీగ కొరికి ఉంటుంది. చీమల్ని దులిపేసి, దయ్యాన్ని వదిలించానని చెప్పి టీ తాగి వచ్చినవాణ్ణి నేను. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎవరికైనా కారణం తోస్తే అంతకన్నా నాకు కావలసింది లేదు.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుమన్నది నిలవదు. దారితప్పిన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ ఇంటికి కావాలంటే గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపు పాతాలి. అంత తీరిక ఎవరికుంది? ఎర్త్ తీగను తీసుకుపోయి పెరట్లో చేతిపంపుకు చుట్టేస్తారు. పంపు గొట్టం ఎలాగూ భూమిలోకే పోతుంది కదా అని. గొట్టం ఇనుపదైనంత కాలం ఏదో నడుస్తుంది.

మా అక్కింట్లో ఆ గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడింది. బావ ప్లాస్టిక్ గొట్టం దింపించి, పైన పాత ఇనుప పంపునే బిగించాడు. ఊడదీసిన ఎర్త్ తీగను మళ్ళీ ఆ పంపుకే, మునుపటికంటే గట్టిగా చుట్టాడు. ఆ తీగకు కింద ఇక భూమి లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. చూసినవాళ్ళకూ తట్టలేదు. నేనప్పుడు చెన్నైలో బిల్డింగు పనుల్లో ఉన్నాను.

ఒకరోజు ఫ్రిజ్ లోపల తీగ ఊడి దాని ఇనుప ఒంటికి తగిలింది. భూమిలోకి పోవలసిన కరెంటు ఎర్త్ తీగ వెంట పంపు దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. బావ చేపల వేట నుంచి వచ్చాడు. మావాళ్ళు సముద్రం నుంచి వస్తే కాళ్ళు కడుక్కోనిదే గడప తొక్కరు. తడి ఇసుకలో నిలబడి పంపు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి మళ్ళీ వదల్లేదు.

నేను చెన్నై వదిలి వచ్చేశాను. ఆ తర్వాత ఆ ఇంటికి కరెంటు తీసేశారు. మళ్ళీ ఇవ్వాలంటే పర్మిట్ ఉన్న వైర్‌మన్ ఇల్లంతా పరీక్షించి, బాగుందని సంతకం పెట్టాలి. మనిషి పోయిన ఇల్లు కాబట్టి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. అక్క మా ఒక్క గది ఇంట్లో, నా భార్య వండుకునే మూలలో, ఒదిగి ఒదిగి బతుకుతోంది. ఒకరికొకరు అడ్డం కాకూడదని ఆడవాళ్ళిద్దరూ పడే అవస్థ చూడలేకపోయాను. ఆ పర్మిట్ పరీక్షకు నేను ఫీజు కట్టింది అందుకే. అక్కకు తన ఇల్లు తనకు ఇప్పించాలి, అంతే.

వైరింగ్ నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. పరీక్షించడమే రాదు. మా వాళ్ళ పరీక్షంతా బల్బుకు రెండు తీగలు కట్టి, వెలిగితే సరే అనుకోవడం. పరీక్షలో అలా కుదరదు. మెగ్గర్ అనే పెట్టెకు పిడి ఉంటుంది. రెండు తీగలు తగిలించి ఆ పిడి తిప్పితే, తీగల మీది తొడుగు ఎంత గట్టిగా ఉందో ముల్లు చూపిస్తుంది. తీగలు ఎక్కడా కలవకపోతే పిడి తేలిగ్గా తిరుగుతుంది. ఎక్కడైనా కలిశాయంటే బరువెక్కుతుంది, ముల్లు దిగుతుంది.

కోట అనే ఊళ్ళో పరీక్షకు మాకు పాఠాలు చెప్పిన మాస్టారు తన పాత మెగ్గర్ ఇచ్చి, ఏదైనా ఇంట్లో చేయి తిప్పుకోమన్నారు. మెగ్గర్ తిప్పాలంటే ఇంటికి కరెంటు ఆపాలి. నడివేసవిలో నాకోసం ఫ్యాను ఆపే మహానుభావుడు ఎవడు? కరెంటు లేనిది అక్కిల్లే. అలా మధ్యాహ్నాలు అక్కడికి పోవడం మొదలైంది. తాళం తీయడానికి అక్క కూడా వచ్చేది.

బల్బులు తీశాను, ఫ్యూజులు పీకాను. ఎర్త్ తీగ కొస పెరట్లో దేనికీ తగలకుండా వేలాడుతోంది. పిడి తిప్పాను. తేలిగ్గా తిరిగింది. ఉన్నట్టుండి బరువెక్కింది. వలతాడు అవతలి కొసను ఎవరో పట్టుకున్నట్టు మణికట్టుకు తెలిసింది. ముల్లు కిందికి దిగి వణుకుతోంది.

తేమ అనుకున్నాను. బోర్డులన్నీ విప్పి ఎండబెట్టాను. ఎలుక కోసం వెతికాను. ఒక్కో తీగనూ విడదీసి, రెండు కొసలూ గాల్లో ఉంచి మరీ తిప్పాను. మళ్ళీ అదే. మాస్టారిని బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన తిప్పితే తేలిగ్గా తిరిగింది. ఆయన ముందు నేను తిప్పినా తేలిగ్గానే తిరిగింది. "వైరింగ్ శుభ్రంగా ఉండాది. నువ్వే కాస్త నిద్రపో," అని నవ్వి వెళ్ళిపోయారు. మర్నాడు అక్కా నేనూ ఉన్నప్పుడు మళ్ళీ బరువు. ముల్లు దిగడం అక్క కూడా కళ్ళారా చూసింది.

అక్క భయపడలేదు. "మీ బావేరా. తాడు లాగినట్టే లాగుతాండాడు," అంది.

అప్పటి నుంచి అక్క తల దువ్వుకుని వచ్చేది. నేను పిడి తిప్పుతుంటే గోడకు ఆనుకుని కూర్చుని బోర్డు వైపు చూస్తూ ఏవో చెప్పేది. ఎవరి పడవ ఇంజను చెడిపోయింది, ఎవరింట్లో పిల్ల పుట్టింది, అవీ ఇవీ. ముల్లు దిగితే నవ్వేది. బావ పోయాక అక్క నవ్వడం అప్పుడే చూశాను. ఆ నవ్వు కోసం, నా సాధన పూర్తయినా పోతూనే ఉన్నాను.

పరీక్ష దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అడిగింది. "ఆ పెట్టెలోంచి తీగలోకి ఏం పోతాదిరా?"

మాస్టారు అడిగినట్టే అనిపించి గడగడా చెప్పేశాను. "ఐదొందల ఓల్టులు. ఇంటి కరెంటుకు రెట్టింపు పైనే. మనిషి చచ్చేంత ఉండదులే. పట్టుకుంటే జిల్లుమంటాది అంతే."

అక్క లేచి వచ్చి పిడి మీద నా చేతిని పట్టుకుంది.

"అంటే ఇన్నాళ్ళూ ఆయనకి షాక్ పెడతాండామా?"

లేదని చెప్పాలి. చదువుకున్నదంతా లేదనే చెబుతుంది. నేను మాత్రం పిడి మీంచి చెయ్యి తీసేశాను. అక్క ఆ గోడ దగ్గరే కూలబడి తల బాదుకుని ఏడ్చింది. నేను ఆపలేకపోయాను.

పరీక్ష నెల్లూరులో జరిగింది. బల్ల మీద బోర్డు, కొత్త మెగ్గర్. తిప్పాను. పిడి గాలికి తిరిగినట్టు తిరిగింది. ముల్లు ఉండాల్సిన చోట నిలబడింది. పాసయ్యాను.

పర్మిట్ చేతికొచ్చిన రోజు అక్కకు చెప్పాను. గుంట తవ్వి సరైన ఎర్త్ వేస్తాను, రిపోర్టు మీద నేనే సంతకం పెడతాను, నీ ఇంటికి కరెంటు వచ్చేస్తుందని. అక్క ఒక్కటే అడిగింది.

"పరీక్షలో బరువుగా ఉణ్ణిందా?"

"లేదక్కా. తేలిగ్గానే తిరిగింది."

"అయితే ఆయన ఇంట్లోనే ఉండాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు తిప్పినంతసేపే అట్లయితే, కరెంటొచ్చినాక రేయింబగళ్ళూ ఆయన్ని పట్టుకునే ఉంటాది గదరా. వద్దు. నాకు కరెంటొద్దు."

ఆ వారంలోనే సామాను సర్దుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది. ఊళ్ళో ఇళ్ళకు నేను కరెంటు ఇప్పిస్తున్నాను. మా అక్క చీకట్లో వండుకుంటుంది. ఉక్కపోతకు గడపలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంది. నేను పోతే మంచినీళ్ళిస్తుంది, బోర్డుల వైపు మాత్రం పోనివ్వదు.

ఆ పిడి ఎందుకు బరువెక్కిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఇంకొక్కసారి తిప్పి చూస్తే తేలిపోతుంది కదా అని నా భార్య అంటుంది. నిజమే. బరువెక్కితే బావకు నొప్పి. తేలిగ్గా తిరిగితే అక్కకు ఆ ఇంట్లో ఎవరూ లేనట్టే. మెగ్గర్ మాస్టారికి తిరిగిచ్చేశాను.