ఎదురింటి అంకుల్ విప్పనన్న ట్యాపు

నా చిన్నప్పుడు, గల్ఫ్ యుద్ధం ముగిసిన ఎండాకాలంలో, సౌదీలో అల్ ఖర్జ్ ఊళ్ళోని మా కాంపౌండ్‌లో మా అమ్మ అల్లం సోడాకున్న పేరు ఇంకెవరి వంటకీ లేదు. నాన్న అక్కడి పాడి ఫారంలో పశువుల డాక్టరు. ఫారంలో పక్కన పడేసిన స్టీలు పీపా ఒకటి తెచ్చి, ఇత్తడి ట్యాపు బిగించి ఇచ్చారు. అల్లం, పంచదార, నిమ్మరసం, చిటికెడు ఈస్ట్ వేసి అమ్మ మూత బిగిస్తే రెండు రోజుల్లో సోడా బుస్సుమని పొంగేది. శుక్రవారం భోజనాలకి తెలుగువాళ్ళందరూ మా ఇంటికే చేరేవారు.

ఆ పీపాని ఎదురింటి అంకుల్ ఒకసారి అడిగి తీసుకెళ్ళాడు. వారం తర్వాత తిరిగిచ్చినప్పుడు ట్యాపు ధగధగా మెరిసిపోతోంది. చింతపండు పెట్టి తోమాడట. మనవాళ్ళకి ఇత్తడి మెరిస్తే చాలు, లోపల కూడా శుభ్రమే అనుకుంటారు. అమ్మ కూడా అక్కడే బోల్తా పడింది. పైపైన కడిగి సోడా కలిపేసింది.

ఆ శుక్రవారం సోడా పాచి కంపు కొట్టింది. ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు. ఎందుకలా అయిందో తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆ అంకులే, గ్లాసు కింద పెట్టి అందరి ముందూ అన్నాడు: "కడిగే ఓపిక లేనప్పుడు నలుగురికీ పొయ్యడం ఎందుకమ్మా? పిల్లలున్న ఇళ్ళు!"

తర్వాతి శుక్రవారం మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఎవరూ ముట్టుకోలేదు. అమ్మ వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నాకప్పుడు పదేళ్ళు. ఆ మనిషి నాశనమైపోవాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. సిగ్గుపడకుండానే చెబుతున్నాను.

ఏడుపు ఆగాక అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ట్యాపు ఊడదీసింది. రబ్బరు వాషరు వెనక నల్లటి జిగురు, అందులో ద్రాక్ష తొక్కలు! మేమెప్పుడూ ద్రాక్ష వేసింది లేదు. మా పీపాలో ఆయన ద్రాక్షసారా పులియబెట్టాడన్నమాట. సౌదీలో అది బయటపడితే జైలు, ఆపైన ఎగ్జిట్, అంటే దేశం నుంచి గెంటేయడమే. పీపా మాది కాబట్టి ముందు బేడీలు పడేది నాన్నకే.

"అందరికీ చెప్పేద్దామమ్మా" అని ఎగిరాను.

"నోర్ముయ్. ఆ మాట గడప దాటిందంటే మన కొంప మునుగుతుంది. ముందు ఇది కడుగు" అంది అమ్మ.

తొక్కలు కమోడ్‌లో పోసి నీళ్ళు వదిలాం. వాషర్లు వంటసోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టాం. ట్యాపులోకి సీసాలు కడిగే బ్రష్ దూర్చి, తెల్లగుడ్డకి మరక అంటనంతవరకు తోమాం. అమ్మ అన్నీ మళ్ళీ బిగించేసింది.

ఆ వచ్చే శుక్రవారం పీపాని హాలు మధ్యలో పెట్టింది. అందరూ ఉన్నారు. "అన్నయ్యగారూ, ఈ ట్యాపు విప్పి ఎలా కడగాలో మా పిల్లకి కాస్త చూపించండి. మీరిచ్చిన దగ్గర్నుంచీ మేం విప్పనేలేదు" అంటూ ఆయన చేతిలో స్పానర్ పెట్టింది. అమ్మ అంత చక్కగా అబద్ధమాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇంటికి పట్టుకెళ్ళి కడిగించి పంపుతాన్లేమ్మా" అని నసిగాడు. ఏసీ గదిలో చెమటలు కారిపోతున్నాయి. పాపం, ఏమీ తెలియని నాన్న లేచి, "ఇలా ఇవ్వండి, నేను విప్పుతాను" అన్నారు.

"వద్దు డాక్టరుగారూ!" అని ఆయన పెద్దగా అరిచాడు. "తప్పు నాదే. నేనే సరిగా కడక్కుండా ఇచ్చాను. చెల్లెమ్మ తప్పేం లేదు."

అందరూ విన్నారు. అప్పుడు అమ్మ స్పానర్ తీసుకుని, ట్యాపు విప్పి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాని లోపలికి చూశాడు. అద్దంలా ఉంది. ఒకసారి అమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

క్షమించడం గొప్ప గుణమని పెద్దయ్యాక చాలామంది నాకు చెప్పారు. ఆయన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా మీద బురద చల్లినవాళ్ళు ఉన్నారు. ప్రతిసారీ ముందు నా వైపు ఒక్క మచ్చ కూడా లేకుండా చూసుకుని, ఆ తర్వాతే వాళ్ళకి కుర్చీ వేసి, నలుగురిలో, మర్యాదగా అడిగాను. అలా అడిగినప్పుడల్లా నాకు కలిగే ఆనందం మాత్రం, నిజం చెప్పాలంటే, ఆ పదేళ్ళ పిల్లదే.