పాలు పొంగని ముహూర్తం

మొన్న వేప్పనపల్లిలో నాకేం జరిగిందో చెప్తాను, నవ్వకూడదు. సరే, నవ్వండి. మా ఆవిడ సుజాత ఆ రోజు నుంచి నవ్వుతూనే ఉంది, మీరొక్కరు ఆపుకుని ఏం లాభం!

నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తానని మీకు తెలుసు. పగలంతా బోల్టులు కొలుస్తాను, సాయంత్రం ఇంటికొచ్చి సైన్స్ బ్లాగు రాస్తాను. ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళెందుకు, బల్లి గోడమీద నుంచి ఎందుకు జారిపడదు... జనం అడుగుతారు, నేను జవాబిస్తాను. అడిగేవాళ్ళకన్నా పొగిడేవాళ్ళంటే ఇంకొంచెం ఇష్టం, దాచుకోవడం దేనికి! "సూపర్ సార్" అని ఒక్క మెసేజ్ వస్తే చాలు, ఆ పూట ఉప్పు లేని కూర కూడా నోరెత్తకుండా తినేస్తాను.

రెండు నెలల క్రితం వేప్పనపల్లి నుంచి రత్నమ్మ అనే ఆవిడ మెసేజ్ పెట్టింది. "సార్, నేను ఇట్ల తిరిగితే అట్ల పాలు పొంగిపోతాయి. దినామూ స్టవ్ కడిగేదే నా పని. ఏమన్నా దారి చెప్పండి." నేను వెంటనే రాసేశాను. గిన్నె మీద అడ్డంగా ఒక చెక్క గరిటె పెట్టండమ్మా, పైకి లేచిన బుడగలు పొడిగా, చల్లగా ఉన్న చెక్కకు తగిలి పగిలిపోతాయి, పాలు కిందికి దిగుతాయి అని.

వారం తిరక్కుండా జవాబు! "సార్, ఒక్క చుక్క పోలేదు. మా స్టవ్‌కి మీరే దేవుడు సార్." దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు గ్రూపులో, చుట్టాల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. అపార్ట్‌మెంట్ వాళ్ళు అప్పుడు నీళ్ళ మోటారు గురించి కొట్టుకుంటున్నారు. అయినా పెట్టాను.

ఆ రత్నమ్మే పోయిన వారం ఫోన్ చేసింది. "సార్, కొత్తిల్లు కట్టినాము. శుక్రవారం గృహప్రవేశం. మీరూ అమ్మా తప్పకుండా రావల్ల. మీరు రాకపోతే నాకు శానా బాధ."

ఒక అభిమాని ఇంటికి వెళ్ళడం నాకదే మొదటిసారి. ఇస్త్రీ ప్యాంటూ చొక్కా వేసుకుని తెల్లారగానే కారు తీశాను. నన్ను నాలుగు మాటలు మాట్లాడమంటే ఏం మాట్లాడాలో దారి పొడుగునా సుజాతకు వినిపించాను. ఆమె కృష్ణగిరి రాకముందే నిద్రపోయింది.

మామిడి తోట పక్కన కొత్త ఇల్లు, షామియానా, నలభై మంది దాకా జనం. రత్నమ్మ భర్త వెంకటేశప్ప నా చెయ్యి పట్టుకుని అందరి దగ్గరికీ తిప్పాడు. "ఈయనేప్పా సైన్స్ సారు! మా ఇంట్లో పాలు నిలిపింది ఈయనే!" అందరూ దండాలు పెట్టారు. నేను కూడా మంత్రిగారిలా అందరికీ చెయ్యి ఊపాను.

పూజ అయిపోయింది, ఇక పాలు పొంగించడమే మిగిలింది. మమ్మల్ని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళారు. మూడు ఇటుకల పొయ్యి, దానిమీద పసుపు కుంకుమలు పెట్టిన కొత్త ఇత్తడి గిన్నె, గిన్నె నిండా పాలు. ఆ గిన్నె మీద అడ్డంగా ఒక కొత్త చెక్క గరిటె! దానికీ పసుపు కుంకుమలే!

"అది లేకుండా ఇప్పుడు నేను పాలు పొయ్యి మీద పెట్టేదే లేదు సార్. మీరు వస్తారని కొత్తది తెచ్చినాను," అంది రత్నమ్మ సిగ్గుపడుతూ.

నాకు కళ్ళు చెమర్చాయండీ, నిజం. గరిటె కొంచెం పక్కకు జరిగినట్టు కనిపించింది. క్వాలిటీ వాణ్ణి కదా, ఊరుకుంటానా? సరిగ్గా గిన్నె మధ్యకు జరిపాను. ఫొటో కూడా తీసుకున్నాను.

పాలు కాగాయి. నురగ లేచింది. ఆడవాళ్ళందరూ ముందుకొచ్చారు. నురగ గరిటె దాకా వచ్చి దిగిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగిపోయింది.

"ఏమప్పా ఇది, పొంగేదే లేదే?" అంది వెంకటేశప్ప తల్లి మునెమ్మవ్వ.

అయ్యవారు గడియారం చూసుకున్నాడు. "ముహూర్తం ఇంక పది నిమిషాలే ఉండేది. తొందరగా కానీయండి."

అందరూ నా వైపు తిరిగారు. పక్కనే సైన్స్ సారు ఉంటే ఇంకెవర్ని అడుగుతారు? గొంతు సవరించుకున్నాను. కట్టెలు తడిగా ఉన్నాయన్నాను. కొత్త ఇత్తడి వేడెక్కడానికి టైమ్ పడుతుందన్నాను. ఈ ప్రాంతం ఎత్తులో ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, అందుకే ఆలస్యం అన్నాను. అసలు ఎత్తులో పాలు ఇంకా తక్కువ వేడికే మరుగుతాయి. అది కూడా నా బ్లాగులోనే ఉంది!

రత్నమ్మ నా మాటలు వినడం లేదు, గిన్నెనే చూస్తోంది. మూడేళ్ళు టమోటా పండించి, మామిడి అమ్మి కట్టుకున్న ఇల్లు. ఇవాళ పాలు పొంగకపోతే ఇక ఆ వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆమెకు ఇదే గుర్తొస్తుంది. "నేనేం తప్పు చేసినానో," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు సుజాత నా మోచేతి మీద గిల్లి, చెవిలో మెల్లగా అడిగింది. "ఏమండీ, పాలు పొంగకుండా ఏం పెట్టమన్నారు మీరు?"

గిన్నె వైపు తిరిగాను. గరిటె నా కళ్ళెదుటే ఉంది. అదీ సరిగ్గా మధ్యలో!

ఇప్పుడు తీస్తే నలభై మందికీ తెలిసిపోతుంది. సుజాతను తియ్యమందామా అని కూడా ఆలోచించాను, సిగ్గులేకుండా చెప్తున్నాను. అయ్యవారు "అయిదు నిమిషాలు" అన్నాడు. రత్నమ్మ ముక్కు చీదింది. పరువు పోతే పోయిందని చెయ్యి పెట్టి గరిటె లాగేశాను. వేళ్ళు చురుక్కుమన్నాయి.

బుస్సుమని లేచాయండీ పాలు! తూర్పుకూ పడమటికీ అని చూడకుండా నాలుగు వైపులా పొంగి, పొయ్యి ఆర్పేసి, నా ఇస్త్రీ ప్యాంటు దాకా వచ్చాయి. "గోవిందా!" అని అందరూ ఒక్క కేక. రత్నమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను అందరి ముందూ. "గరిటె పెట్టమన్నవాణ్ణి, ఇవాళ ఒక్కరోజు పెట్టొద్దని చెప్పొద్దూ?"

మునెమ్మవ్వ నన్ను కిందికీ పైకీ చూసింది. "అయితే ఇంతసేపూ నిలిపింది నువ్వేనా నాయనా? పాయసం అయ్యేదాకా ఆడ బయట కూర్చో పో. ఈ పక్కకు రావద్దు."

బయటే కూర్చున్నాను. పాయసం మాత్రం రెండుసార్లు తిన్నాను.

ఇంటికొచ్చి జరిగిందంతా బ్లాగులో రాసి, పాఠకులకు క్షమాపణ చెప్పుకున్నాను. నవ్వు బొమ్మలు లెక్కలేనన్ని వచ్చాయి. "సూపర్ సార్" ఒక్కటీ రాలేదు. నా శక్తి మీద నిజంగా నమ్మకం పెట్టుకున్నవాడు ఒకే ఒక్కడు, బర్గూరు నుంచి ఒక పాఠకుడు. ఆయన ఇలా రాశాడు:

"సార్, వచ్చే బుధవారం మా దాయాదుల గృహప్రవేశం. వాళ్ళకూ మాకూ మాటల్లేవు. మీరు ఏమీ చేయొద్దు సార్. ఊరికే వచ్చి పొయ్యి పక్కన నిలబడుకుంటే చాలు."