వీపున కాళ్లున్న ఏనుగు

కరోనా రావడానికి ముందు ఏడాది. నగరి అంతా పవర్‌లూముల మోత. మా వీధిలో చేతిమగ్గాలు రెండే మిగిలాయి, రెండూ మా ఇంట్లోవే. ఒకటి నాది, ఒకటి నా తోటికోడలు వల్లిది. ఒకే కొట్టం, మధ్యన గోడ కూడా లేదు. వల్లి నాకంటే చాలా చిన్నది. ఏ పని చేసినా నవ్వుతూ చేస్తుంది. ఆ నవ్వు చూస్తే నాకు కడుపు మండేది. ఇప్పటికీ మండుతుంది.

చీర అంచులో బొమ్మ రావాలంటే మగ్గం మీద జకార్డ్ ఉండాలి. అది మగ్గం నెత్తిన కూర్చునే పెట్టె. దానిలోని ఒక్కో హుక్కు నుంచి తాడు దించి, కింద పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఒక పోగును పట్టిస్తాం. చిల్లులు కొట్టిన అట్ట పెట్టి కాలిపలక తొక్కితే, చిల్లు ఉన్నచోట హుక్కు లేస్తుంది, దాంతో పోగు లేస్తుంది. లేనిచోట పోగు పడుకునే ఉంటుంది. ఏ పోగు లేచింది, ఏది లేవలేదు, బొమ్మంటే అంతే. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

నా పెట్టె చిన్నది. దుబారా నాకు పడదు కాబట్టి హుక్కుకు రెండేసి పోగులు కట్టించాను. అంచు నడిమి గీతకు ఇటొకటి, అటు అంతే దూరంలో ఇంకొకటి. సగం హుక్కులతో అంచు మొత్తం వచ్చేది. రుద్రాక్షలు, పూలు, చేపలు, అన్నీ ముచ్చటగా ఉండేవి. తిరుపతిలో చీరల కొట్టు నడిపే విజయమ్మ ఏళ్ల తరబడి నాచేతే నేయించుకుంది. కొట్టంలోకి రాగానే వల్లిని దాటుకుని నా దగ్గరికే వచ్చేది. నాకు అదే పండగ.

ఆ ఏడు ఆమె ఏనుగుల బొమ్మ తెచ్చింది. అంచు పొడవునా వరసగా నడిచే ఏనుగులు.

“రాదు విజయమ్మా,” అన్నాను.

“సూడకుండానే రాదంటావేంది మునెమ్మక్కా? అట్టలు మార్చి మార్చి కొడితే యాడో ఒకచోట రాదా?”

“నూరేండ్లు కొట్టు. ఈడ సూడు.” ఒక హుక్కును వేలితో ఎత్తాను. ఇటు పోగు లేచింది, అటు దాని జంట కూడా లేచింది. “ఏ అట్ట పెట్టినా ఈ రెండూ విడిపోవు. కింద కాళ్లు నేస్తే వీపు మీదా కాళ్లే లేస్తాయి. చేపలంటావా, ఎన్నైనా నేస్తా. చేపకు పైనా కిందా ఒకటే.”

వల్లి పకపకా నవ్వింది. “పోనీలే అక్కా, తిరగబడినా నడస్తాది ఆ ఏనుగు!”

విజయమ్మ కూడా నవ్వింది. నా మగ్గం దగ్గర నిలబడి వల్లి మాటకు నవ్వడం అదే మొదలు.

“ఎంతకాలమని చేపలు అమ్మేదక్కా?” అంది విజయమ్మ. “పెండ్లోళ్లు ఫోన్లో బొమ్మ చూపించి, ఇదే కావాలంటా ఉండారు. ఏది చూపించినా నేసే మగ్గం యాడుండాదో వెతుక్కుంటా.”

ఆ మాట వల్లి చెవిన పడింది. కొన్ని నెలల్లోనే పెద్ద పెట్టె తెచ్చి బిగించుకుంది. హుక్కుకు ఒక్కటే పోగు. విజయమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి దాటుకుని పోయింది నన్ను. అంతా చూసి, చివరికి నా వైపు తిరిగింది.

“ఏ బొమ్మైనా వస్తాదంటా ఉండాది వల్లి. ఒప్పుకున్నాక రాదంటే నా కొట్టు పరువు పోతాది. నువ్వు సూసి చెప్పక్కా.”

“నేనెందుకు?”

“నీకు ఆ మగ్గమంటే పడదు గదా, అందుకే.”

బొమ్మలన్నీ నేసి చూడాలంటే ఎవరి ఆయుష్షూ చాలదు. ఆ అవసరం కూడా లేదు. ప్రతి పోగూ తన హుక్కుతో లేవాలి, ఒంటరిగా లేవాలి. ఈ రెండూ నిజమైతే ఇంకా ఎవరూ గీయని బొమ్మ కూడా ఆ మగ్గంలో ఉన్నట్టే. అడ్డదారం, అదే పేక, పోగుల్లో చిక్కకుండా మరీ పొడుగ్గా తేలిపోయేటట్టు గీయకపోవడం మాత్రం గీసేవాళ్ల పని.

పీట వేసుకుని ఒక్కో హుక్కే ఎత్తడం మొదలుపెట్టాను. ఒక్క జంట దొరికితే చాలు, విజయమ్మ మళ్లీ నాది. సగం దాటాక నడుము పట్టేసింది, అయినా లేవలేదు. అంచు కొసకు దగ్గరపడేసరికి ఒక హుక్కుకు రెండు పోగులు లేచాయి.

“మే వల్లీ! రా, సూడు నీ గొప్ప పెట్టెను! రెండు లేస్తా ఉండాయి!”

వల్లి పరుగెత్తుకొచ్చింది. ఆమె మొహంలో నవ్వు ఆరిపోవడం మొదటిసారి చూశాను. కళ్లారా చూశాను. ఆమె పైకి చెయ్యిపెట్టి తాళ్ల మధ్య తడిమింది. రెండు తాళ్లు మెలిపడి ఉన్నాయి. వేలితో విడదీసింది. మళ్లీ ఎత్తాను. ఒక్కటే లేచింది.

“నువ్వు సూడకపోతే నాకెట్ల తెలిసేదక్కా! ఏనుగు తోక రెండుగా వచ్చుండేది.” మళ్లీ అదే నవ్వు.

మిగతావి ఇంకా నెమ్మదిగా ఎత్తాను. చివరి పోగు దాకా చూశాను. ఇంకొక్క జంట దొరకలేదు.

“ఏమంటావక్కా?” అంది విజయమ్మ.

రాదు అనేయవచ్చు. ఆ మాట నోట్లో తిప్పి చూశాను. కానీ నేను రాదన్న బొమ్మ రేపు అంచులో వచ్చిందంటే, ఆ తర్వాత నా మాట ఎవరు వింటారు?

“వస్తాది. ఏ బొమ్మైనా వస్తాది,” అన్నాను. నా గొంతు నాకే చేదుగా వినిపించింది.

విజయమ్మ పెండ్లి చీరలన్నీ వల్లికి పోయాయి. పక్కనే కూర్చుని నేను వేరేవాళ్లకు చేపలు నేశాను.

ఏదో ఒక బొమ్మ రాదని తేల్చడానికి ఒక్క జంట చాలు. అన్నీ వస్తాయని తేల్చడానికి చివరి పోగు దాకా కూర్చోవాలి. ఆ కూర్చోవడం ప్రేమ ఉన్నవాళ్ల వల్ల కాదని ఆ రోజు నాకు తెలిసింది. వల్లి మొగుడిని చూడమంటే సగంలో లేచి, భేషుగ్గా ఉందనేవాడు, మెలిక అట్లే ఉండిపోయేది. నన్ను చివరిదాకా కూర్చోబెట్టింది నా కుళ్లే. ఆ మగ్గంలో ఉన్న ఒక్క లోపాన్నీ వెతికి తీసింది అదే.

ఈ సంగతి వల్లికీ తెలుసు. “మా అక్క కళ్లు పడినాక నా మగ్గానికి ఇంక లోటు లేదు,” అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నవ్వుతూనే చెబుతుంది.