చుక్క చూపిన చోటు

కంట్రోల్ రూములో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన ఏడో నంబరు బండి డ్రైవరు కూడా అలాగే పిలిచేవాడు. అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లు ఎత్తడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. ఏడ్చేవాళ్లు, అరిచేవాళ్లు, నోట మాట రానివాళ్లు, ఎవరైనా సరే, ముందు వాళ్ల నుంచి చిరునామా రాబట్టాలి. ఆ విద్యలో ఆమెకు సాటి లేదు. "అంత నిదానంగా, అంత స్పష్టంగా ఎలా మాట్లాడతారక్కా?" అని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, "మా అత్తగారికి చెవుడమ్మా. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో సాధన చేస్తున్నా" అనేది.

ఊరంతా ఆమెకు కొట్టిన పిండి. ఏ సందులో బండి తిరగదో, ఏ మేడకు మెట్లు వెనకనుంచి ఉంటాయో చూడకుండా చెప్పేది. డ్రైవర్లు దారి తప్పితే గోడ మీది పటాన్ని అడిగేవాళ్లు కాదు, పెద్దక్కను అడిగేవాళ్లు.

ఒకరోజు ఆ పటాన్ని గోడ మీంచి దించేశారు. ఒక్కొక్కరి ముందూ రెండేసి తెరలు వచ్చాయి. ఫోన్ ఎత్తగానే ఆ ఫోన్ ఎక్కడుందో అక్కడ తెర మీద పచ్చ చుక్క వెలుగుతుంది. దగ్గర్లో ఉన్న బండిని కంప్యూటరే ఎంచి పెడుతుంది. ఆపరేటరు సరే అంటే చాలు. కాదనుకుంటే ఎర్ర మీట నొక్కి కారణం రాయాలి. షిఫ్టుకు పద్నాలుగు మంది ఉండే చోట ఆరుగురు మిగిలారు. ఎర్ర మీట ఎవరు ఎన్నిసార్లు నొక్కారో నెలాఖరున పట్టిక వేసి గోడకు అంటించేవారు. అందులో మొదటి వరస ఎప్పుడూ పెద్దక్కదే.

మొదటి వారంలోనే ఒక చుక్క నది నడిమధ్య వెలిగింది. పెద్దక్క హెడ్‌సెట్ తీసి, ఆ కంప్యూటర్లు పెట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మాయిని పిలిచింది. "ఏమ్మా, గుండెపోటు చేపకా?"

గదంతా నవ్వింది. ఇంజనీరమ్మాయి నవ్వలేదు. పుస్తకంలో రాసుకుని వెళ్లి, రెండు రోజుల్లో సరిచేసింది. అయినా తర్వాత ఆరునెలల్లో రెండుసార్లు చుక్క తప్పింది, రెండుసార్లూ పెద్దక్కే గెలిచింది. దాంతో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న ధీమా ఆమెలో ఇంకాస్త గట్టిపడింది.

ఆ రోజు మధ్యాహ్నం రెండూ నలభై. ఫోన్ మోగింది.

"అంబులెన్సు. ఎక్కడినుంచి మాట్లాడుతున్నారమ్మా?"

"మా ఆయన... కుర్చీలోంచి పడిపోయాడండీ... పిలిస్తే పలకట్లేదు..."

"వింటున్నానమ్మా. ఎక్కడున్నారో చెప్పండి, బండి పంపిస్తా."

"సబ్బుల ఫ్యాక్టరీ వెనక సందు. మూడో ఇల్లు. నీలం తలుపు. తొందరగా పంపండమ్మా!"

తెర మీద పచ్చ చుక్క ఊరికి దక్షిణాన, కాలువ అవతల గోదాముల మధ్య వెలుగుతోంది. పక్కనే 'పదకొండో నంబరు బండి, ఐదు నిమిషాలు' అని వచ్చింది. పెద్దక్క పెదవి విరిచింది. సబ్బుల ఫ్యాక్టరీ ఉత్తరం కొసన కదా! ఆమె తండ్రి అక్కడే సబ్బు కాగుల దగ్గర పనిచేశాడు. చిన్నప్పుడు ఆయనకు అన్నం క్యారియరు ఆ వెనక సందులోంచే పట్టుకెళ్లేది. చుక్క మళ్లీ ఏట్లో పడిందనుకుంది. ఎర్ర మీట నొక్కింది. కారణం దగ్గర 'చుక్క తప్పు' అని రాసి, ఏడో నంబరు బండిని ఉత్తరానికి పంపింది.

"బండి బయల్దేరిందమ్మా. ఆయన ఊపిరి తీసుకుంటున్నాడా?"

"ఉండుండి గురకలా వస్తోంది."

అది ఊపిరి కాదని పెద్దక్కకు తెలుసు. "ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద పెట్టండి. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టండి. రొమ్ము మధ్యలో అరచెయ్యి ఆనించండి, దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంచకుండా బలంగా నొక్కండి. నాతో పాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు..."

అవతల ఆ ఇల్లాలు ఏడుస్తూనే లెక్కపెడుతోంది. ముప్ఫై అయింది, మళ్లీ ఒకటి. ఐదో నిమిషానికి ఆమె గొంతు పీలగా మారింది. "నా చేతులు రావట్లేదమ్మా..."

"తలుపు తీసి గట్టిగా ఒక్క కేక పెట్టండి. వెంటనే మళ్లీ మొదలుపెట్టండి."

కేక వినిపించింది, తర్వాత పరుగెత్తుకొచ్చిన చెప్పుల చప్పుడు. పక్కింటావిడ వచ్చింది. ఇద్దరూ వంతులవారీగా నొక్కసాగారు. సరిగ్గా అప్పుడే రెండో చెవిలో ఏడో నంబరు డ్రైవరు పలికాడు.

"పెద్దక్కా, సందులోనే ఉన్నాను. మూడో ఇంటికి తాళం. నీలం తలుపు ఈ వరసలోనే లేదు."

పెద్దక్క మొదటి ఫోన్లోకి తిరిగింది. "అమ్మా, మీ ఇంటి ఎదురుగా ఏం కనిపిస్తుంది?"

"కాలువ... కాలువ వంతెన."

"సబ్బుల ఫ్యాక్టరీ దగ్గర కాలువేంటమ్మా?"

"కొత్త ఫ్యాక్టరీ అమ్మా! పాతది మూసేసి మూడేళ్లయింది కదా!"

ఆ సంగతి పెద్దక్కకు తెలియక కాదు. మూసేసిన రోజున తండ్రితో కలిసి గేటు దాకా వెళ్లి వచ్చింది. కానీ ఆ పేరు వినగానే ఆమె మనసు పాత గేటు దగ్గరికే పరిగెత్తింది. పాతదా కొత్తదా అని ఒక్క ప్రశ్న అడగలేదు.

పదకొండో నంబరు బండిని కంప్యూటరు అప్పటికే మరొకరికి ఇచ్చేసింది. నిచ్చెన మీంచి పడి కాలు విరిగిన మనిషి కోసం అది వెళ్తోంది. పెద్దక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సార్, పదకొండుని కాలువ వంతెన దగ్గరికి తిప్పండి!"

షిఫ్టు ఇన్‌ఛార్జి తల తిప్పాడు. "అది వేరే కేసు మీద ఉంది కదా."

"కాలు విరిగినవాడు ఆగుతాడు సార్. ఈయన ఆగడు. తప్పు నాది, ముందు బండి తిప్పండి!"

ఆయన పదకొండుకు కబురిచ్చాడు. బండి తిరిగింది. పెద్దక్క నిలబడే లెక్కపెట్టింది. చెమటకు హెడ్‌సెట్ చెవి మీంచి జారుతోంది. రెండూ యాభై నాలుగుకు అవతల తలుపు బాదిన శబ్దం, మగవాళ్ల గొంతులు, "పక్కకు జరగండి" అన్న మాట వినిపించాయి. రెండోసారి షాకు ఇచ్చాక నాడి దొరికిందని పదకొండో నంబరు నుంచి కబురొచ్చింది. ఐదు నిమిషాల్లో వెళ్లాల్సిన బండి పద్నాలుగు నిమిషాలకు వెళ్లింది.

సాయంత్రం షిఫ్టు ఇన్‌ఛార్జి ఆమెను పక్కకు పిలిచాడు. మంచి మనిషే, మంచి కోరే చెప్పాడు. "ఆవిడ సబ్బుల ఫ్యాక్టరీ అంది, కొత్తదని చెప్పలేదు. రికార్డింగులో ఉంది. 'చిరునామా అసంపూర్తిగా చెప్పారు' అని రాసెయ్యి. మూడేళ్లలో రిటైరవుతావు, ఎందుకొచ్చిన గొడవ?"

ఆమె ఏమీ రాయకుండా ఇంటికి వచ్చింది. ముందు గదిలో భర్త కుట్టుమిషను తొక్కుతున్నాడు. లోపల మంచం మీద కూర్చున్న అత్తగారు కోడలి ముఖం చూసింది.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా. పనిలో చిన్న పొరపాటు."

"ఏంటీ? గట్టిగా చెప్పు."

పెద్దక్క గొంతు ఇంకొంచెం పెంచి చెప్పింది. ముసలావిడకు అందలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది.

"నావల్ల ఒకాయన ప్రాణం మీదికొచ్చింది అత్తయ్యా!"

కుట్టుమిషను ఆగిపోయింది. ఆ మాట వీధి దాకా వినపడి ఉంటుంది. అత్తగారు ఆమె చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. పెద్దక్క అప్పుడు ఏడ్చింది.

విచారణ నాడు బల్లకు అటువైపు ముగ్గురు అధికారులు కూర్చున్నారు. ఇంజనీరమ్మాయి ఓ మూల కూర్చుంది. పెద్దక్క దాపరికం లేకుండా చెప్పింది.

"ఆవిడ సరిగ్గానే చెప్పింది. చుక్క సరిగ్గానే చూపించింది. నేనే నమ్మలేదు."

ఇంజనీరమ్మాయి లేచింది. "నేనూ ఒకటి చెప్పాలి సార్. ఎర్ర మీట ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టాను గానీ, కారణాలు ఒక్కసారీ చదవలేదు. అంతకుముందు రెండుసార్లు ఈవిడ చెప్పిందే నిజం. అప్పుడే వచ్చి ఈవిడతో కూర్చుని ఉంటే, ఊళ్లో ఒకే పేరు రెండు చోట్లకుందని నాకు తెలిసేది."

మూడు నెలలు పెద్దక్క ఫోన్ ముట్టకూడదన్నారు. ఆ మూడు నెలలూ ఇంజనీరమ్మాయితో వీధులు తిరిగి, జనం ఏ చోటును ఏమని పిలుస్తారో కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. మొదటి వారం ఇద్దరి మధ్యా పొడి మాటలే. పెద్దక్క చెప్పడం, ఆ పిల్ల చేతిలోని కంప్యూటరు పలక మీద నొక్కడం. రెండో వారం కాలువ వంతెన వంతు వచ్చింది.

నీలం తలుపు తీసినావిడ "ఎవరు కావాలండీ?" అంది. పెద్దక్క నోరు విప్పిందో లేదో, ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"మీరే కదూ! ఆ గొంతు నేను మర్చిపోతానా? రండి, లోపలికి రండి. ఏమండీ, ఆ రోజు ఫోన్లో మాట్లాడినావిడ!"

కిటికీ పక్కన ఆయన కూర్చుని చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు. కుడిచేయి మాట వినడం లేదు. పెద్దక్క గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పింది.

"ఎన్ని నిమిషాలు ఆలస్యం?" అంది ఆవిడ.

"తొమ్మిది."

ఆవిడ భర్త చేతి వంక చూసింది. "రోజూ మిమ్మల్ని తలుచుకుని దండం పెట్టుకుంటున్నాను. ఇక వెళ్లండి."

పెద్దక్క వెనుదిరిగింది. సందు మొదట్లో ఉండగా వెనకనుంచి కేక వినపడింది. "దీన్ని మేం కొత్త సబ్బుల సందు అంటాం. రాసుకోండి!" అని తలుపు వేసేసుకుంది ఆవిడ. ఇంజనీరమ్మాయి రాసుకుంది. ఆ తర్వాత బస్సు ఎక్కేదాకా పెద్దక్క మోచెయ్యి పట్టుకునే నడిచింది.

ఫోన్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి గోడ మీది పట్టిక లేదు. చుక్కకూ మాటకూ పొంతన కుదరకపోతే తెర ఇప్పుడు రెండు చోట్లనూ చూపిస్తుంది, 'ఎదురుగా ఏం కనిపిస్తోంది?' అని అడగమంటుంది. మొదటి రోజు ఫోన్ మోగగానే పెద్దక్క హెడ్‌సెట్ సరిచేసుకుంది. ఎత్తింది. ఎర్ర మీటను పూర్తిగా మానలేదు గానీ, అడగకుండా నొక్కేది కాదు.

నీలం తలుపు ఇంటాయన ఎడమచేత్తో పనులు అలవాటు చేసుకున్నాడని పదకొండో నంబరు డ్రైవరు ఎప్పుడో చెప్పాడు. ఆ ఇంటికి ఆమె మళ్లీ వెళ్లలేదు. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం మొదటి రోజే ఎదుట కూర్చోబెట్టుకుని ఆ తొమ్మిది నిమిషాల సంగతి చెప్పేది. ఆ తప్పు చేసిందెవరో కూడా చెప్పేది.